పదిసార్లు, మూడు సెట్లు, మధ్యలో ఒక నిమిషం

మా పాప పుట్టిన నాలుగో నెలలో నా చేతికి ఒక కాగితం వచ్చింది. ఆపరేషన్ కాన్పు. కుట్లు మానాయి కానీ నడుము నొప్పి మానలేదు. దగ్గితే, తుమ్మితే చీర తడిసేది. ఎవరికీ చెప్పుకోలేక మూడు నెలలు గడిపి చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తమని, బొడ్డు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. "రెండు వేళ్ల సందుంది" అంది. కడుపు మీద నిలువుగా రెండు పట్టీల్లా ఉండే కండరాలు గర్భం పెరిగేకొద్దీ పక్కలకు జరుగుతాయట. వాటి మధ్యనుండే తెల్లని పొర సాగిపోతుందట. కొందరికి అది దానంతటదే దగ్గరపడుతుంది, కొందరికి పడదు. కాగితం మీద అయిదు బొమ్మలున్నాయి. ప్రతి బొమ్మ కిందా ఒకటే మాట: పదిసార్లు, మూడు సెట్లు, సెట్టుకూ సెట్టుకూ మధ్య ఒక నిమిషం విశ్రాంతి.

ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని మా అమ్మ తీసుకుని చదివింది. అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "విశ్రాంతి గూడ రాసిచ్చిండ్రా బిడ్డా?" అని నవ్వింది.

ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు. సాహిత్యం చదువుకున్నదాన్ని, పాటల మీద పరిశోధన చేసినదాన్ని. కండరాల చరిత్ర నా విషయం కాదు. కానీ పదే ఎందుకు, మూడే ఎందుకు, ఆ ఒక్క నిమిషం ఎవరు నిర్ణయించారు అని వెతకడం మొదలుపెట్టాక, నేను మళ్లీ పాటల దగ్గరికీ, మా ఇంటి ఆడవాళ్ల దగ్గరికీ వచ్చి చేరాను. ఆ దారినే ఇక్కడ చెప్పుకొస్తాను.

ఈ లెక్క పుట్టింది యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రి నిండా కాళ్లు విరిగిన, మోకాళ్లు దెబ్బతిన్న సైనికులుండేవారు. నెలల తరబడి కట్లలో ఉండి తొడ కండరాలు కరిగిపోయేవి. మంచాలు ఖాళీ అయ్యేవి కావు. అక్కడ పనిచేసిన థామస్ డిలోర్మ్ అనే యువ వైద్యుడు చిన్నతనంలో తీవ్రమైన కీళ్లవాతపు జ్వరంతో మంచాన పడి, బరువులెత్తి కోలుకున్నవాడు. తేలిక కదలికలు వందలసార్లు చేయించే అప్పటి పద్ధతికి బదులు, బరువైనదాన్ని తక్కువసార్లు ఎత్తించి చూశాడు. 1945లో రాసిన వ్యాసంలో పదేసిసార్ల చొప్పున ఏడు నుంచి పది సెట్లు చేయించమన్నాడు. అంటే 70 నుంచి 100 సార్లు. మూడేళ్ల తరవాత, 1948లో, ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి తన లెక్కను తనే దిద్దుకున్నాడు. అంత అక్కరలేదు, మూడు సెట్లు చాలు అన్నాడు. మనిషి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువేదో కనుక్కుని, మొదటి సెట్టులో అందులో సగం, రెండోదాంట్లో ముప్పాతిక, మూడోదాంట్లో మొత్తం. ఇవాళ ఊరూరా జిమ్ముల్లో వినబడే పది, మూడు అనే అంకెలకు మూలం ఇదే.

అదే 1948లో లాస్ ఏంజెలెస్‌లో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీ వైద్య నిపుణుడు, కాన్పుల వల్ల వదులైన కటి అడుగు కండరాలను బిగించే వ్యాయామాల గురించి రాశాడు. ఆపరేషన్లు చేసి చేసి, వాటి ఫలితం నిలవక, కండరానికే పని నేర్పాలని ప్రయత్నించినవాడు. తన వ్యాసానికి పేరు పెట్టేటప్పుడు డిలోర్మ్ వాడిన మాటనే వాడుకున్నాడు: క్రమంగా పెంచే బరువుకు ఎదురు వ్యాయామం. సైనికుడి మోకాలి నుంచి తల్లి కటి దాకా ఒకే సూత్రం ప్రయాణించిందన్నమాట. రోజుకు మూడు పూటలా ఇరవయ్యేసి నిమిషాలు చేయమన్నాడు. దగ్గితే మూత్రం జారే బాధకు మొదటి మందు ఈ వ్యాయామమేనని ఇవాళ్టి వైద్యం గట్టిగా చెబుతోంది. నాకిచ్చిన కాగితంలో అయిదో బొమ్మ అదే.

ఈ సూత్రంలో నన్ను ఆశ్చర్యపరిచింది అంకె కాదు, ఆగడం. కండరం బలపడేది ఎత్తేటప్పుడు కాదట, ఎత్తి ఆగిన తరవాతట. సెట్టుకూ సెట్టుకూ మధ్య ఆగితే ఖర్చయిన శక్తి కొన్ని నిమిషాల్లో తిరిగి నిండుతుంది. రోజుకూ రోజుకూ మధ్య ఆగితే నలిగిన పోగులు మరమ్మతవుతాయి. తిండీ నిద్రా అందితే మునుపటికన్నా గట్టిపడతాయి. ఆగకుండా చేస్తే అదే కదలిక అరుగుదలవుతుంది. కాబట్టి విశ్రాంతి వ్యాయామానికి అవతల ఉండేది కాదు, వ్యాయామంలో సగం.

ఇది చదివిన రోజు అమ్మ నవ్వు నాకు కొంచెం అర్థమయింది.

మా అమ్మమ్మది కల్వకుర్తి వైపు. అమ్మను దేవరకొండ వైపు ఇచ్చారు. ఒకటి పాలమూరు, ఒకటి నల్లగొండ. మధ్యలో డిండి వాగు. 2016లో ఈ రెండు జిల్లాలూ ముక్కలై ఇప్పుడు ఎనిమిది జిల్లాల పేర్లున్నాయి గానీ నేలా, రాయీ, ఎండా మారలేదు. మెట్ట పంటలు, జొన్న, సజ్జ, ఆముదం. కాలువలు రాకముందు వరి అంటే చెరువు కింద నాలుగు మళ్లు. తినే తిండి అంతా ఆడవాళ్ల చేతుల మీదుగా పోవాల్సిందే. వడ్లయితే రోట్లో దంచాలి, జొన్నలయితే ఇసుర్రాయి మీద ఇసరాలి.

అమ్మమ్మకు ఎనభై దాటాయి. ఆమె ముందు నా కాగితం పరిచి, ఒక బొమ్మ చేసి చూపించాను. మోకాళ్లు మడిచి పడుకుని, గాలి వదులుతూ తలా భుజాలూ లేపాలి. అమ్మమ్మ చూసి, "గాలి ఇడ్శి లేవాలె అన్నరా? మరి దంచేటప్పుడు గట్లనే గదా" అంది. నేను కాగితం పక్కన పెట్టి ఆమె చెప్పింది రాసుకోవడం మొదలుపెట్టాను.

రోకలి పైకెత్తేటప్పుడు ఒళ్లు సాగుతుంది, గాలి లోపలికి పోతుంది. దించేటప్పుడు పొట్ట లోపలికి బిగుస్తుంది, గాలి "హుఁ" అని బయటికొస్తుంది. ఆ వదిలిన గాలి మీదనే పాట నిలబడుతుంది. ఇద్దరు ఎదురెదురుగా ఒకే రోట్లో దంచితే ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది పడాలి. తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. కుందెన లోంచి వడ్లు చిందితే అత్త తిడుతుంది. ఒక చేయి అలిసిందంటే రోకలి ఆపకుండానే చేయి మారుస్తారు. ఇసుర్రాయి దగ్గరయితే ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూర్చోవాలి. రాయి ముందుకు పోయినప్పుడు నడుము వంగుతుంది, వెనక్కి వచ్చినప్పుడు నిటారవుతుంది. తిప్పేది చేయి అనుకుంటాం గానీ తిప్పేది నడుమూ పొట్టా.

"లెక్కవెట్టుకుంట దంచేదా అమ్మమ్మా?" అనడిగాను.

"లెక్కేందే? పాట అయిపోతె ఓ వాయ అయిపోతది. చెరుగుకుంట జెరంత సేపు కూసుంటం. మళ్ల పోస్తం."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. వాయ అంటే రోట్లో ఒక మాటు పోసే గింజలు. ఆ వాయకు సరిపడా పాట. పాట అయ్యాక చాటలో చెరగడం, అంటే కూర్చుని చేసే తేలిక పని. మళ్లీ వాయ. డిలోర్మ్ భాషలో చెప్పాలంటే సెట్టు, విశ్రాంతి, సెట్టు. మన జానపద సాహిత్య పరిశోధన ఈ పాటల్ని శ్రామిక గేయాలు అంది. బిరుదురాజు రామరాజు 1950లలో ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద చేసిన పరిశోధన ఈ దారి వేసింది. నేను కూడా అదే దారిన నడిచి, సువ్వి పాటల్లో సీత కష్టాలూ, అత్తింటి ఆరళ్లూ ఎలా వచ్చాయో రాశాను. పాట శ్రమను మరిపిస్తుంది అని ఒక వాక్యం రాసి ముందుకు పోయాను. పాట శ్రమను కొలుస్తుందని, ఎక్కడ ఆగాలో ఒంటికి చెబుతుందని, అది పల్లవీ చరణాలతో కట్టిన గడియారమని నాకు తోచలేదు. ఎందుకంటే నేను పాటల్ని కాగితం మీద చదివాను, రోకలి పట్టుకుని కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత రోజుల్లో ఆడవాళ్లు దంచారు, ఇసిరారు, అందుకే ఆరోగ్యంగా ఉన్నారు, గిర్నీలూ మిక్సీలూ వచ్చి పాడైపోయారు అనే మాట మనం తరచూ వింటాం. పత్రికల్లో వైద్య సలహాలు రాసే పెద్దమనుషులు కూడా రాస్తుంటారు. అది అబద్ధం. అమ్మమ్మ అయిదుగురిని కన్నది, ముగ్గురు బతికారు. నిండు నెలల్లో దంచింది. కాన్పయిన పదకొండో రోజు మళ్లీ రోకలి పట్టింది. గర్భసంచి కిందికి జారితే దాన్ని చేత్తో లోపలికి నెట్టుకుని, గుడ్డ కట్టుకుని, ఇరవయ్యేళ్లు పనిచేసింది. ఈ సంగతి ఆమె నాకు కాగితం చూశాక, అయిదో బొమ్మ గురించి నేను సిగ్గుపడుతూ చెప్పాక, మొదటిసారి చెప్పింది. మా అమ్మక్కూడా తెలియదు. ఊళ్లోకి పిండిగిర్ని వచ్చిన రోజు పండగలా ఉండిందని కూడా ఆమే చెప్పింది. ఆ గిర్ని చప్పుడులో ఏ పాటలు పోయాయో అని బెంగపడేది నాలాంటి పరిశోధకులే.

మరి దంపుడుకూ వ్యాయామానికీ తేడా ఏమిటి? కదలిక ఒకటే. కండరం ఒకటే. ఊపిరి ఒకటే. తేడా అంతా లెక్క ఎవరి చేతిలో ఉంది, ఆగమని ఎవరు చెప్పగలరు అనే దాంట్లో ఉంది.

దీనికి మా ఇంట్లోనే సాక్ష్యముంది. అమ్మమ్మ వాళ్లమ్మ గడీకి దంచబోయేది. వెట్టి. ఇంట్లో వాయకు పాట ఉన్నట్టు గడీలో లేదు. అక్కడ గరిసె ముందు కొలిచి పోసేది వేరొకరు, దంచాక బియ్యం కొలుచుకునేది వేరొకరు. నూకలెక్కువయితే తిట్లు, బియ్యం తగ్గితే దెబ్బలు. నిజాం రాజ్యంలో వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు రాకపోలేదు. కానీ అవి గడీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. వడ్లు దంచడం, కారం నూరడం, నీళ్లు మోయడం, పేడ తీయడం, ఇవన్నీ కులాల వారీగా, ఇళ్ల వారీగా వంతులేసిన పనులు. దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడబాపలకయితే వంతు కూడా లేదు, బతుకంతా వంతే. పొలం పనిలో ఉన్న తల్లిని పసిబిడ్డకు పాలివ్వడానికి కూడా వదలని దొరల గురించి తెలంగాణ పోరాట జ్ఞాపకాల్లో మళ్లీ మళ్లీ వింటాం. పాలివ్వడానికి కూర్చోవడం అంటే కాసేపు ఆగడం. ఆగడమే నేరం.

ఈ దృష్టితో చూస్తే నల్లగొండ పోరాట చరిత్ర నాకు కొత్తగా కనబడింది. మల్లు స్వరాజ్యం 1931లో కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టింది. పదకొండేళ్లప్పుడు ఆంధ్ర మహాసభ పిలుపు విని, తమ ఇంట్లో వెట్టి చేసే వాళ్లకు బియ్యం పంచింది. ఇంటి మగవాళ్లు కోప్పడ్డా ఆగలేదు. దంచినవాళ్ల చేతికి బియ్యం రావడం ఎంత మామూలు సంగతి! దాన్ని తిరుగుబాటు అనాల్సి వచ్చిందంటే ఆ కాలం ఎలాంటిదో చూడండి. తరవాత ఆమె ఉయ్యాల పాటలు పాడుతూ ఊళ్లు తిరిగింది, దళాలు నడిపింది. 2022 మార్చి 19న కన్నుమూసేదాకా ఆ పాటలు ఆమె గొంతులోనే ఉన్నాయి. దంపుడు రాగాలూ, బతుకమ్మ బాణీలూ పోరాటం పాటలయ్యాయని మనం రాస్తాం. ఆగే హక్కు కూడా ఆ రాగాల వెంట వచ్చిందని రాయలేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ దారిలో మనకు పెద్ద ఆసరా. ఆ పుస్తకంలో ఆలేరు ఆరుట్ల కమలాదేవి ఉంది, చాకలి ఐలమ్మ ఉంది. ఆడబాప ఇంట్లో పుట్టి దళంలో చేరి, అడవిలో బిడ్డను కని, దళం భద్రత కోసం ఆ బిడ్డను పరాయి చేతుల్లో పెట్టి రావాల్సి వచ్చిన కమలమ్మ ఉంది. ఆమె కథ చదివినప్పుడల్లా మనం బిడ్డ గురించే ఏడుస్తాం. ఈసారి నేను ఆమె ఒంటి గురించి కూడా ఆలోచించాను. కాన్పయిన ఒళ్లు. పాలు చేపిన రొమ్ములు. కుదుటపడని కడుపు. ఆ ఒంటితో ఆమె మళ్లీ అడవిలో నడిచింది. విముక్తి కోసం జరిగిన పోరాటంలో కూడా బాలింతకు విశ్రాంతి అనే మాట ఎవరి ఎజెండాలోనూ లేదు. 1948 సెప్టెంబరులో సైన్యం హైదరాబాదులోకి వచ్చింది. ఆ సంవత్సరమే డిలోర్మ్ మూడు సెట్లు చాలన్నాడు. ఆ సంవత్సరమే కెగెల్ తల్లుల కోసం రాశాడు. ఆ కాగితాలు మా ఊళ్ల దాకా రావడానికి ఒక మనిషి జీవితమంత కాలం పట్టింది.

గడీలు కూలాక లెక్క మన చేతికి వచ్చిందా? వెట్టి పోయి కూలి వచ్చింది. 1955 డిసెంబరులో నల్లగొండ జిల్లా అంచున కృష్ణ మీద నాగార్జునసాగర్‌కు పునాది వేశారు. సిమెంటు కాంక్రీటుతో కాక రాతి కట్టడంగా లేచిన ఆనకట్ట అది. యంత్రాలకన్నా మనుషుల చేతులూ తలలూ ఎక్కువ మోశాయి. పాలమూరు మట్టి పని వాళ్లు ఆ తరవాత దేశమంతటా ఆనకట్టలకూ, కాలువలకూ, రోడ్లకూ పోయారు. పాలమూరు లేబర్ అనే పేరే పడిపోయింది. గుంపు మేస్త్రీ ముందుగా అప్పిస్తాడు. అప్పు తీరేదాకా మొగుడూ పెళ్లాలూ జంటగా పోవాలి. మగవాడు తవ్వితే ఆడది తట్ట మోస్తుంది. తట్టను నేల నుంచి తల మీదికెత్తే ఆ ఒక్క ఊపులో పొట్ట కండరాల మీద పడే బరువెంత? రోజుకెన్నిసార్లు? ఎన్ని తట్టలకు ఒకసారి ఆగాలి? కొలత పనిలో గుంట లోతుకే లెక్కుంది, ఎత్తిన ఒంటికి లెక్క లేదు.

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఈ విషయంలో ఒక వింత చేసింది. పని జరిగే చోట తాగే నీళ్లుండాలి, పిల్లలకు నీడ ఉండాలి, విశ్రాంతి వేళలుండాలి అని షెడ్యూల్లో రాసింది. మొదటి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. ఇక్కడి గట్టి నేలలో ఎంత తవ్వగలరో, ఆడవాళ్లు ఎంత మోయగలరో తేల్చడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పనినీ కాలాన్నీ కొలిచే అధ్యయనాలు చేయించి రేట్లు మార్చింది. మట్టి పని చేసే ఆడవాళ్ల విశ్రాంతి చట్టంలో అక్షరాలుగా కనబడటం చిన్న సంగతి కాదు. కానీ మా ఊరి పని స్థలాల్లో నీడ అంటే తుమ్మ చెట్టే. అది ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు.

నల్లగొండలో ఇంకో సంగతి కూడా మరవలేం. ఫ్లోరైడు నీళ్లు. 1970లలో నాగపూర్ నీరి సంస్థ పటికా సున్నమూ కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెడితే దానికి నల్లగొండ పేరే పెట్టారు. ప్రపంచమంతా మా జిల్లా పేరుతో నీళ్లు శుద్ధి చేసింది, మా వాళ్లు మాత్రం దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగారు. ఎముకలకు ఎముకలు అతుక్కుని, వెన్ను కర్రలా బిగుసుకుపోయిన ఆడవాళ్లను మర్రిగూడ, మునుగోడు వైపు ఎవరైనా చూసే ఉంటారు. వాళ్లకు నా కాగితంలోని మొదటి బొమ్మ కూడా పనికిరాదు. వంగలేని నడుముకు పదిసార్లు వంగమని ఎవరు చెబుతారు? వ్యాయామం గురించి రాసే ప్రతి పుస్తకమూ, నీళ్లూ తిండీ సరిగా అందిన ఒంటిని ఊహించుకునే రాస్తుంది.

ఇక మా అమ్మ. నేను రాయాలనుకున్నది నిజానికి అమ్మ గురించే. ఇంత చుట్టూ తిరిగి వచ్చాను.

అమ్మకు ముప్పై మూడేళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. తెల్లబట్టవుతోందని, కడుపులో నొప్పని పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు పోయింది. పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందన్నారు. బాపు మిత్తికి అప్పు తెచ్చాడు. మూడు నెలలు బరువులెత్తొద్దన్నారట. ఇరవయ్యో రోజున అమ్మ పత్తి ఏరబోయింది, అప్పు తీర్చాలి కాబట్టి. ఏ వ్యాయామాలూ చెప్పలేదు, ఏ కాగితమూ ఇవ్వలేదు. మా వాడలో అమ్మ ఈడువాళ్లలో గర్భసంచి ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3.2 మంది అయితే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఆపరేషన్ కాన్పుల్లోనూ మనమే ముందు. 2019-21 సర్వేలో తెలంగాణలో నూటికి 60.7. మన కడుపు మీద కత్తి పడటం ఎంత మామూలయిందో ఈ అంకెలు చెబుతాయి. అవసరం లేకుండా గర్భసంచులు తీయడం మీద వేసిన వ్యాజ్యంలో, దాన్ని ఆపే మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. అమ్మకది ఇరవై ఏళ్లు ఆలస్యం.

కోసిన పొట్ట గోడ మళ్లీ గట్టిపడాలంటే రెండు కావాలి. కొలిచి చేసే పని, కొలిచి ఇచ్చే విశ్రాంతి. అమ్మకు పని ఉంది, అది కూడా లెక్కలేనంత. "నాకెందుకు ఎక్సర్‌సైజు, దినమంత చేను పనేనాయె" అని ఆమె అన్నప్పుడు నాకు వెంటనే జవాబు దొరకలేదు. తరవాత దొరికింది. డెన్మార్క్‌లో ఆంద్రేయాస్ హోల్టర్‌మన్ బృందం కొన్నేళ్లుగా ఒక చిక్కుముడి గురించి రాస్తోంది. తీరిక వేళల్లో చేసే శ్రమ గుండెకు మేలు చేస్తోంది, కూలి కోసం చేసే శ్రమ చేయడం లేదు, కొన్నిసార్లు కీడు చేస్తోంది. ఎందుకంటే ఒకటి కొద్దిసేపు ఉంటుంది, మనం ఆపొచ్చు, ఆ తరవాత ఒళ్లు కోలుకుంటుంది. రెండోది గంటల తరబడి సాగుతుంది, ఆపే వీలు లేదు, మర్నాడు మళ్లీ అదే. దీని మీద వాదనలు ఇంకా తెగలేదు. కానీ అమ్మమ్మకూ, ఆమె తల్లికీ ఇది కొత్త సంగతేమీ కాదు. వాయకూ వాయకూ మధ్య చెరగడానికి కూర్చున్న ఇంటి రోలుకూ, కూర్చోనివ్వని గడీ రోలుకూ తేడా వాళ్లకు తెలుసు.

మగవాళ్ల కసరత్తుకు మన దగ్గర పేర్లున్నాయి. తాలీంఖానా ఉంది, దండీలున్నాయి, బస్కీలున్నాయి, ఉస్తాదున్నాడు. అలిసినాక పాలూ బాదంపప్పులూ ఉన్నాయి. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసి, రాజుల కథలు కాదు, జనం తిండీ బట్టా ఆటా పాటా చరిత్ర అని మనకు నేర్పారు. ఆ దారిని ఇంకొంచెం ముందుకు తీసుకుపోతే, జనం అలుపు కూడా చరిత్రే. ఎవరు ఎన్నిసార్లు వంగారు, ఎవరు లెక్కపెట్టారు, ఎవరు ఆగగలిగారు, ఇవి మన సాహిత్యాన్ని అడగాల్సిన ప్రశ్నలు. దంపుడు పాటను అర్థం కోసం మాత్రమే కాక ఊపిరి కోసం కూడా చదవాలి. చరణం ఎక్కడ తెగుతోందో అక్కడ ఒక ఆడమనిషి రోకలి దించి నిలబడింది. దాన్ని ఛందస్సు అని మాత్రమే అంటే చాలదు.

ఈ చలికాలంలో అమ్మ మా ఇంట్లో రెండు నెలలుంది. నాకు తెలియకుండానే కాగితం చూసి చేయడం మొదలుపెట్టింది. నేను ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఆమె ఒంటికి సరిపడేవి మూడు రాయించుకొచ్చాను. రోజూ పొద్దున పాప లేవకముందు ఇద్దరం చాప పరుచుకుంటాం. అమ్మ అంకెలు లెక్కపెట్టదు. లోపల ఏదో అనుకుంటుంది, పెదవులు కదులుతాయి. అడిగితే చెప్పదు. నాకు పదయ్యేసరికి ఆమెకు కూడా అయిపోతుంది.

మొదటి రోజుల్లో సెట్టుకూ సెట్టుకూ మధ్య అమ్మ లేచి కూర్చునేది. చాప అంచు సర్దేది, పక్క గుడ్డలు మడిచేది. ఒకరోజు అడిగింది, "ఈ ఒక్క నిమిషం నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దమ్మా. ఊకె పండుకో."

పడుకుంది. రెండు చేతులూ పొట్ట మీద, ఆపరేషన్ గీత మీద పెట్టుకుని కప్పు కేసి చూసింది. కాసేపటికి, "శానా పెద్దగున్నదే నిమిషం" అంది. వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వచ్చింది. ఆమె లేవబోయింది. నేను ఆమె చేయి పట్టుకుని ఆపి, మా ఆయన్ను కేకేశాను.